సేవావృత్తిలో ప్రఖ్యాతి, ప్రామాణ్యం

తన చేతిపనితో ఊరికి సేవ చేసి బతికే మనిషి తన గురించి తాను చెప్పుకోవచ్చునా, చెప్పుకుంటే ఎంతవరకు చెప్పుకోవచ్చును, అతని గురించి ఇతరులు చెప్పిన మాట ఎప్పుడు ప్రమాణమవుతుంది అనే ప్రశ్నలు భారతీయ ధర్మచింతనకు కొత్తవి కావు. జ్ఞానం ఎలా కలుగుతుంది, కలిగిన జ్ఞానం నిజమని ఎలా తేలుతుంది అని విచారించే ప్రమాణశాస్త్రంలోనూ, మనిషి నడవడిని విచారించే ఇతిహాసాలలోనూ వీటికి సంబంధించిన చర్చ విస్తారంగా ఉంది. ఆ చర్చ సాగిన కాలంలో పనివాణ్ని అతని వీధి ఎరిగి ఉండేది, అతని మంచీ చెడూ నోటిమాటగా పక్క వీధికి చేరేది. నేడు విజయవాడ పటమటలో ఒక్క గది దుకాణం పెట్టుకున్న ఏసీ మెకానిక్‌ను పక్క సందులోని ఇంటివారు కూడా ఫోనులో వెతికే పిలుస్తున్నారు. అతని జీవనం చేతి నేర్పు మీద ఎంత ఆధారపడి ఉన్నదో, ఆ వెతుకులాటలో అతని పేరు ఎన్నో వరుసలో కనిపిస్తుందన్నదాని మీద దాదాపు అంతగానూ ఆధారపడి ఉంది. అందువల్ల పాత ప్రశ్నలు ఇక్కడ కొత్త తీవ్రతతో నిలుస్తున్నాయి. కనబడటం దోషం కాదు, అది వృత్తిధర్మంలో భాగమే. అయితే కనబడటం కోసం చెప్పే మాట, అది పనివాడిదైనా కస్టమర్‌దైనా, చెప్పేవాడు స్వయంగా ఎరిగినదాని ఎల్లలు దాటకూడదన్నది ఇక్కడ ప్రతిపాదించే విషయం.

ముందుగా ఈ కనబడటం ఎలా జరుగుతుందో కొంత వివరించాలి. చిన్న వ్యాపారాలు తమ వివరాలను ఉచితంగా నమోదు చేసుకునే ఏర్పాటును గూగుల్ సంస్థ 2014లో గూగుల్ మై బిజినెస్ అనే పేరుతో మొదలుపెట్టింది. 2021లో దానికి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అని పేరు మార్చింది. దుకాణం పేరు, ఫోన్ నంబరు, పనివేళలు, చేసే పనులు, ఫోటోలు, కస్టమర్లు రాసిన రివ్యూలు, వారిచ్చిన నక్షత్రాలు ఆ ప్రొఫైల్‌లో ఉంటాయి. దుకాణానికి జనం రాకుండా తానే ఇళ్లకు వెళ్లి పనిచేసేవాడు చిరునామాను దాచి, తాను వెళ్లే ప్రాంతాలను మాత్రం చూపవచ్చు. ఎవరైనా ‘ఏసీ రిపేర్’ అని వెతికినప్పుడు ఎవరి పేరు పైన రావాలన్నది ముఖ్యంగా మూడింటిని బట్టి నిర్ణయమవుతుందని ఆ సంస్థే చెబుతుంది: అడిగినదానికీ ఈ వ్యాపారానికీ ఉన్న పొంతన, వెతికేవాడికీ దుకాణానికీ మధ్య దూరం, ఆ వ్యాపారానికి లోకంలో ఉన్న ప్రఖ్యాతి. డబ్బు చెల్లించి ఈ వరుసలో పైకి రావడం కుదరదనీ ఆ సంస్థ ప్రకటించింది. చెల్లింపు ప్రకటనలు విడిగా, ప్రకటనలన్న గుర్తుతో కనిపిస్తాయి. మూడింటిలో దూరం మనిషి చేతిలో లేనిది, పొంతన వివరాలను సరిగ్గా నింపడం వల్ల వచ్చేది. తాత్త్విక విచారానికి చోటిచ్చేది మూడవదైన ప్రఖ్యాతి.

తనను తాను పొగడుకోవడాన్ని సంప్రదాయం ఎంత తీవ్రంగా చూసిందో మహాభారత కర్ణపర్వంలోని ఒక ఘట్టం చెబుతుంది. కర్ణుని చేతిలో దెబ్బతిని శిబిరం చేరిన ధర్మరాజు, కర్ణుడింకా బతికే ఉన్నాడని తెలిసి అర్జునుణ్ని నిందిస్తూ, గాండీవాన్ని మరొకరికి ఇమ్మంటాడు. ఆ మాట అన్నవాణ్ని చంపుతానని అర్జునునికి ముందే ప్రతిజ్ఞ ఉంది. పెద్దవాణ్ని ఏకవచనంతో కించపరచడమే చంపడంతో సమానమని శ్రీకృష్ణుడు ఒక దారి చూపుతాడు. అన్నను అలా అన్న పశ్చాత్తాపంతో అర్జునుడు ప్రాణం తీసుకోబోతే, నీ గొప్పలు నీవే చెప్పుకో, ఆత్మహత్య చేసుకున్నట్టే అవుతుందంటాడు. అప్పుడు అర్జునుడు తన పరాక్రమాన్ని వర్ణించుకుంటాడు. ఇక్కడ గమనించవలసినది, అర్జునుడు చెప్పుకున్నది అబద్ధం కాదు. అతనితో సమానమైన విలుకాడు లేడన్న మాటను వినేవారెవరూ కాదనరు. అయినా అది ఆత్మవధతో సమానమైంది. అంటే ఆత్మస్తుతిలోని దోషం అసత్యంలో మాత్రమే లేదు. వినేవాడి అవసరాన్ని పక్కకు నెట్టి, మాట మొత్తాన్ని తనవైపు తిప్పుకోవడంలో ఉంది.

ఈ తీర్పును విడిగా తీసుకుంటే సేవావృత్తివాడు నోరు మెదపకుండా కూర్చోవాలన్న అర్థం వస్తుంది. అది సరికాదని అదే మహాభారతం అరణ్యపర్వంలో, తెలుగులో ఎర్రన పూరించిన భాగంలో వచ్చే ధర్మవ్యాధుని కథ వల్ల తెలుస్తుంది. కోపంతో చూసి కొంగను చంపిన కౌశికుడనే బ్రాహ్మణుణ్ని, భర్తృసేవలో ఉన్న ఒక గృహిణి, ధర్మం తెలుసుకోదలిస్తే మిథిలలోని వ్యాధుని దగ్గరకు వెళ్లమంటుంది. కౌశికుడు మిథిల చేరి, ఊరివారిని అడిగి, మాంసం అమ్మే చోట కొనుగోలుదారుల గుంపు మధ్య కూర్చున్న వ్యాధుణ్ని చూసి ఒక పక్కన ఆగుతాడు. ధర్మవ్యాధుడు తన గురించి ఎక్కడా చాటుకోలేదు. కాని అతను దాగి కూడా లేడు: అతనికి అందరికీ తెలిసిన అంగడి ఉంది, అడిగితే దారి చూపే ఊరు ఉంది, అతని నడవడి ఎరిగి పంపిన మనిషి ఉంది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా కౌశికుని ప్రయాణం వ్యర్థమయ్యేది. వెతికేవాడికి దొరకడమన్నది సేవ చేసేవాడు వెతికేవాడికి చేసే మొదటి ఉపకారం. నేటి మెకానిక్ తన పనివేళలను సరిగ్గా రాయడం, మారిన ఫోన్ నంబరును వెంటనే సరిచేయడం, గుణదల పేట దాటి వెళ్లనివాడు వెళ్లనని చెప్పడం, బిగించిన ఏసీ ఫోటోను ఇంకొకరి దగ్గర తీసుకోకుండా తాను చేసిన పనిదే పెట్టడం ఆత్మస్తుతిలోకి రావు. ఉక్కకు పిల్లవాడికి నిద్రపట్టక రాత్రి తొమ్మిదింటికి ఫోనులో వెతుకుతున్న ఇంటివారి సమయాన్ని గౌరవించడమే అది.

దారి చెప్పడం ఎక్కడ ముగుస్తుంది, పొగడ్త ఎక్కడ మొదలవుతుంది అన్నదానికి పూర్వమీమాంస ఒక పనిముట్టు ఇస్తుంది. వేదవాక్యాలలో ఒక పనిని చేయమని విధించేది విధి. ఆ పనిని ప్రశంసించో, దానికి విరుద్ధమైనదాన్ని నిందించో మనిషిని పురికొల్పేది అర్థవాదం. అర్థవాదాన్ని మీమాంసకులు మూడు విధాలుగా చెబుతారు. ఇతర ప్రమాణాలకు విరుద్ధంగా కనిపించి, ఏదో గుణసామ్యం వల్ల పొగడ్తగా మాత్రమే అన్వయించేది గుణవాదం. యూపస్తంభాన్ని సూర్యుడనడం ఇటువంటిది. ఇతర ప్రమాణాల వల్ల ముందే తెలిసినదాన్ని మళ్లీ చెప్పేది అనువాదం. చలికి నిప్పు మందు అనడం ఇటువంటిది. విరోధమూ లేక, ముందు తెలిసినదీ కాక, జరిగినదాన్ని చెప్పేది భూతార్థవాదం. ఇంద్రుడు వృత్రునిపై వజ్రమెత్తాడన్నది ఇటువంటిది. వ్యాపార ప్రకటనలోని మాటలను ఈ మూడింటితో కొలిస్తే వాటి స్వభావం తేటపడుతుంది. ‘ఆంధ్రాలోనే నంబర్ వన్’ అన్నది గుణవాదం, దాన్ని ఎవరూ అక్షరాలా తీసుకోరు. ‘ఎండలు మండుతున్నాయి, ఏసీ సర్వీసింగ్ చేయించుకోండి’ అన్నది అనువాదం, అందులో కొత్త విషయం లేదు, హానీ లేదు. ‘పన్నెండేళ్ల అనుభవం’, ‘ఫలానా కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్’, ‘ముప్పై రోజుల గ్యారంటీ’ అన్నవి భూతార్థవాదాలు. వినేవాడు నమ్మి డబ్బు చెల్లించేది వీటినే, కనుక ధర్మభారం మొత్తం వీటిమీదే పడుతుంది.

ఇక్కడ ఒక పెద్ద తేడాను మరువకూడదు. మీమాంసకులకు అర్థవాదం వెనుక విధి ఉంది, విధి వెనుక అపౌరుషేయమైన, అంటే ఏ మనిషీ రచించని, వేదం ఉంది. పొగడ్తకు ఆసరా అక్కడినుంచి వస్తుంది. మెకానిక్ ప్రకటన వెనుక అతని నడవడి తప్ప మరేదీ లేదు. కంపెనీతో సంబంధం లేకపోయినా కంపెనీ పేరును దుకాణం పేరులో కలిపి ‘అధీకృత’ అని రాసుకునే అలవాటు తెలుగు నగరాలలో కనిపిస్తుంది. బోర్డు మీద ఉన్న పేరే ప్రొఫైల్‌లో ఉండాలనీ, పేరుకు ‘బెస్ట్’ వంటి విశేషణాలో పేటపేర్లో తగిలించకూడదనీ గూగుల్ నియమావళి చెబుతున్నా, వెతికే పదాలకు పొంతన కుదురుతుందన్న ఆశతో వాటిని తగిలిస్తారు. ఇది గుణవాదం వేషంలో వచ్చిన అసత్య భూతార్థవాదం. పొగడ్తే కదా అని దీనిని క్షమించడం పొరపాటు, ఎందుకంటే దాన్ని నమ్మిన ముసలి దంపతులు కంపెనీ మనిషి వచ్చాడనుకునే తలుపు తీస్తారు.

సొంత మాటకు ఇంత పరిమితి ఉన్నప్పుడు ఇతరుల మాట మీద ఆధారపడటం సహజమే. న్యాయదర్శనం శబ్దాన్ని, అంటే మాటను, ప్రత్యక్ష, అనుమాన, ఉపమానాలతో పాటు నాలుగవ ప్రమాణంగా అంగీకరిస్తుంది. ఏ మాటైనా ప్రమాణం కాదు, ఆప్తుని మాట మాత్రమే ప్రమాణం. ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహం, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడని క్లుప్తంగా నిర్వచిస్తుంది. గౌతముని న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు దీనిని మరింత విడమరచి, ఆప్తునికి మూడు లక్షణాలుండాలన్నాడు: విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి ఉండడం, ప్రాణుల పట్ల దయ, ఎరిగినదాన్ని ఎరిగినట్టే తెలియజేయాలన్న కోరిక. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యునికైనా, మ్లేచ్ఛునికైనా సమానమేనని కూడా అతడు చెప్పాడు. ఆప్తత్వాన్ని పుట్టుకతో కాక ఎరుకతో ముడిపెట్టిన ఈ మాట గొప్పది. పేరూ ఊరూ తెలియని ఒక కస్టమర్ ఫోనులో రాసిన నాలుగు వాక్యాలు ప్రమాణం కాగలవా అన్న ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉంది: కాగలవు, అయితే అతను దేన్ని సాక్షాత్తుగా ఎరిగాడో దాని విషయంలో మాత్రమే.

ఆ కస్టమర్ ఎరిగినదేమిటో దగ్గరగా చూడాలి. మే నెలలో ఒక ఇంట్లో ఏసీ తిరుగుతుంది, గాలి వస్తుంది, కాని చల్లదనం రాదు. అవుట్‌డోర్ యూనిట్‌లో కంప్రెసర్‌ను కదిలించే కెపాసిటర్ చెడిపోయి ఉండవచ్చు. అప్పుడు కంప్రెసర్ సన్నగా గురగురలాడి ఆగిపోతుంది. కాయిల్‌కు దుమ్ము మందంగా పట్టి ఉండవచ్చు. రాగి గొట్టాల జాయింట్ దగ్గర లీకు ఏర్పడి గ్యాస్ తగ్గి ఉండవచ్చు. కెపాసిటర్ మార్చడం కొద్ది నిమిషాల పని, ఖర్చు వందలలో తేలుతుంది. గ్యాస్ నింపడం వేలలోకి పోతుంది. ఏసీలోని గ్యాస్ బండిలో పెట్రోలులా వాడేకొద్దీ అయిపోయేది కాదు, మూసిన గొట్టాలలో తిరుగుతూనే ఉండేది. అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఇది తెలియని ఇంటివారితో ‘గ్యాస్ అయిపోయిందండీ’ అని చెప్పి, కెపాసిటర్ మాత్రం మార్చి, గ్యాస్ డబ్బు తీసుకుని వెళ్లే మెకానిక్ ఉంటాడు. గది చల్లబడుతుంది. ఇంటివారు సంతోషంతో అయిదు నక్షత్రాలిచ్చి, సమయానికి వచ్చాడు, మర్యాదగా మాట్లాడాడు, సమస్యను వెంటనే పట్టేశాడు అని రాస్తారు. మొదటి రెండు మాటలు ప్రమాణాలు. మూడవది కాదు.

ఇందులోని చిక్కు సూక్ష్మమైనది. జ్ఞానం నిజమైనదా కాదా అన్నది ఆ జ్ఞానాన్ని నమ్మి చేసిన పని ఫలించడం వల్ల తేలుతుందని నైయాయికులు చెబుతారు. నీరని తోచినదాన్ని తాగితే దాహం తీరడం దీనికి ఉదాహరణ. కాని ఇక్కడ ఫలం వచ్చింది, గది చల్లబడింది, అయినా రోగనిర్ణయం అబద్ధం. శ్రీహర్షుడు 12వ శతాబ్దిలో ఖండనఖండఖాద్యంలో ఇటువంటి చిక్కునే లేవనెత్తాడు: పిడికిట్లో ఎన్ని గవ్వలున్నాయని అడిగితే ఊహించి అయిదన్నవాడి మాట అదృష్టవశాన నిజమైతే, అతనికి జ్ఞానం కలిగిందనవచ్చునా? కస్టమర్ స్థితి దీనికి మరోవైపున ఉంది. అతని ఊహ తప్పు, ఫలితం మాత్రం ఒప్పు. అందువల్ల ఫలితాన్ని చూసి ఇచ్చిన నక్షత్రం నేర్పుకూ నిజాయితీకీ కొలత కాలేదు. రివ్యూల వల్ల మోసగాళ్లు తమంతట తామే జల్లెడ పట్టబడతారన్న నమ్మకం ఎంత బలహీనమో దీనివల్ల తెలుస్తుంది.

కంటికి కనిపించని చోట పనివాని ధర్మం ఏమిటన్నది బౌద్ధ జాతకాలలో మూడవదైన సేరివాణిజ జాతకం చూపుతుంది. ఇద్దరు చిల్లర వర్తకులు తేలవాహ నదిని దాటి అంధపురమనే నగరానికి వస్తారు. ఆ పేరును బట్టి దానికీ ఆంధ్రులకూ సంబంధం ఉందని ఊహించిన పండితులున్నారు. చితికిపోయిన ఒక ఇంటిలో మసి పట్టిన పాత్ర ఉంటుంది. అది బంగారమని ఆ ఇంటి అవ్వకూ మనుమరాలికీ తెలియదు. మొదటి వర్తకుడు సూదితో గీసి బంగారమని గుర్తించి కూడా, అర మాషకం విలువ చేయదని పారేసి పోతాడు. రెండవవాడు అది లక్ష విలువ చేసేదనీ, తన దగ్గర అంత సొమ్ము లేదనీ చెప్పి, ఉన్నదంతా ఇచ్చి, పడవ కూలికి కొద్దిపాటి నాణేలు మాత్రం ఉంచుకుంటాడు. అవ్వ ఇద్దరిలో ఎవరికీ నక్షత్రాలిచ్చే స్థితిలో లేదు. పరీక్షించగలవాడు పరీక్షించలేనివాడి ఎదుట నిలబడిన క్షణంలో, రాగల పేరుతోగానీ పోగల పేరుతోగానీ నిమిత్తం లేకుండా, తెలిసినది చెప్పడమా మానడమా అన్నది ఒక్కటే మిగులుతుంది. ఏసీ మెకానిక్‌కు ఆ క్షణం ప్రతి ఇంటి డాబా మీదా వస్తుంది. గేజీ పెట్టి ఒత్తిడి ఎంతుందో ఇంటివారికి చూపించి, తీసేసిన కెపాసిటర్‌ను వారి చేతిలో పెట్టేవాడు, కస్టమర్‌ను ఆ మేరకు సాక్షాత్తుగా ఎరిగినవాణ్ని చేస్తున్నాడు. ఆపైన ఆ ఇంటినుంచి వచ్చే మాటకు ప్రామాణ్యం దానంతట అదే పెరుగుతుంది.

కొని తెచ్చుకున్న రివ్యూల సంగతి ఎక్కువగా చర్చించనక్కరలేదు. పని చేయించుకోనివాడు రాసిన పొగడ్తలో ఆప్తుని మూడు లక్షణాలలో ఒక్కటీ లేదు, కనుక అది ప్రమాణాభాసం, అంటే ప్రమాణంలా కనిపించే ప్రమాణం కానిది. ఆన్‌లైన్ వినియోగదారుల రివ్యూలను ఎలా సేకరించాలి, ఎలా పరిశీలించి ప్రచురించాలి అన్న దానిపై భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని వెలువరించింది. రాసినవాడు నిజమైన వ్యక్తేనా అన్నది సరిచూడటానికి అది ప్రాధాన్యమిస్తుంది. అయితే, సరిచూసిన మనిషి కూడా తాను ఎరగనిదాన్ని రాయవచ్చునన్న పై చిక్కు దానితో తీరదు. పని బాగుందన్నవారిని మాత్రమే ఏరి రాయమనడం, అసంతృప్తి చెందినవారిని వేరే దారికి మళ్లించడం అబద్ధం కానట్టే కనిపిస్తుంది, ఎందుకంటే రాసిన ప్రతి మాటా నిజమే. కాని మొత్తం మీద చదివేవాడికి కలిగే జ్ఞానం తప్పు అవుతుంది, ఆ తప్పుకు కర్త పనివాడే. గూగుల్ నియమాలు దీనిని నిషేధించడం సమంజసమైనది.

ప్రఖ్యాతి విషయంలో మరొక కష్టం ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ రూపొందించి 1998లో ప్రచురించిన, గూగుల్ వెతుకులాటకు తొలి పునాది అయిన పేజ్‌ర్యాంక్ పద్ధతి, ఒక పుటను ఎన్ని ఇతర పుటలు, ఎంత విలువైన పుటలు ప్రస్తావిస్తున్నాయో లెక్కించి దాని ప్రాముఖ్యాన్ని తేల్చేది. పండితుల రచనలు పరస్పరం ఉదహరించుకునే పద్ధతి దానికి ఆదర్శం. పేరున్నవాడికే మరింత పేరు చేరే గతానుగతిక స్వభావం, అంటే ముందువాడు నడిచిన దారినే వెనుకవాడు నడవడం, ఇటువంటి లెక్క పునాదిలోనే ఉంది. రెండువందల రివ్యూలున్నవాడికి ఫోన్లు వస్తాయి, ఫోన్లు వచ్చినవాడికే రివ్యూలు వస్తాయి. ముప్పై ఏళ్లుగా గేజీ పట్టి, శబ్దం వినే కంప్రెసర్ జబ్బు చెప్పగల పెద్ద మెకానిక్, ఫోనులో ప్రొఫైల్ తెరవడం చేతకాక ఆ వరుసలో కనిపించకపోతే, అతని ఎరుకకు లోటు రాలేదు, దాన్ని పొందవలసిన ఇళ్లకు లోటు వచ్చింది. అటువంటివాడికి కొడుకో శిష్యుడో ఆ ప్రొఫైల్ పెట్టి ఇవ్వడాన్ని వ్యాపారపు తెలివిగా మాత్రమే చూడడం చాలదు, అది విద్యాసేవ కూడా.

ఇందువల్ల భారంలో సగం కస్టమర్ మీద పడుతుంది. వాత్స్యాయనుడు చెప్పిన మూడు లక్షణాలలో రెండవదైన భూతదయను రివ్యూ రాసేవారు ఎక్కువగా మరుస్తారు. వానలో ట్రాఫిక్ వల్ల గంట ఆలస్యమైందని ఒక్క నక్షత్రమిచ్చినవాడు నిజమే చెప్పి ఉండవచ్చు, కాని ఆ నక్షత్రం ఆలస్యాన్ని గురించి కాక మొత్తం మనిషిని గురించి మాట్లాడుతుంది, వచ్చే వేసవిలో మెకానిక్ ఇంటి పొయ్యిని తాకుతుంది. మెకానిక్ దానికి కోపంగా బదులివ్వక, ఆ రోజు జరిగినదాన్ని, తన వల్ల జరిగిన లోపాన్ని, దాన్ని ఎలా సరిదిద్దినదీ రెండు వాక్యాలలో రాస్తే, తరువాత చదివేవాడికి పూర్వపక్షమూ సిద్ధాంతమూ రెండూ దొరుకుతాయి. మూడవ లక్షణమైన చెప్పాలన్న కోరిక లోపించడం దీనికన్నా పెద్ద నష్టం. నిజాయితీగా ‘గ్యాస్ సరిగ్గానే ఉందండీ, కెపాసిటర్ ఒక్కటే పోయింది’ అని చెప్పి వందలతో పని ముగించినవాడి గురించి ఇంటివారు మనసులో మెచ్చుకుని ఊరుకుంటారు. మోసపోయినవాడే కోపంతో పేజీలు రాస్తాడు. మెచ్చుకున్నవాడు రాయవలసినది ‘సూపర్’ అన్న ఒక్క మాట కాదు. ఏ యంత్రానికి ఏ జబ్బు వచ్చింది, ఏ విడిభాగం మార్చారు, పాతది తిరిగి ఇచ్చారా, ముందు చెప్పిన ధరకూ బిల్లుకూ తేడా ఉందా, నెల తరువాత ఏసీ ఎలా పనిచేస్తోంది అన్నవి, తాను చూసినంతవరకు, రాయాలి.